కాటా మీద మూడు కిలోలు

ఏడో తరగతిల నేను బడి ఇడిచిపెట్టలె, బడే నన్ను ఇడిచిపెట్టింది. మా లెక్కల సారు ఒకనాడు పిల్చి, "రేపటి సంది నువ్వు రాకురా, నువ్వు రాకుంటె మిగిలినోళ్ళకన్న నాలుగు అక్షరాలొస్తయి" అన్నడు. ఆయన మాట ఉత్తగ పోలె. నా ఎన్క బెంచిల కూసున్న ఇద్దరు ఇయ్యాల పంతుళ్ళు. నేను బాయిలర్ కాడ తేలిన. ఇరవై ఏడేండ్లు ఆ మంట ముంగట నిలబడి, రిటైరై, ఇప్పుడు పటేల్‌గూడల కిరాయి ఇంట్ల ఫ్యాను కింద కూసోని ఇది రాస్తున్న. రాత సక్కగ లేకుంటె ఆ లెక్కల సారును అడుగుండ్రి.

నవ్వించే కతలు నా కాడ మస్తున్నయి. కంపెనీల ఎవరి పెండ్లయినా, ఎవరి రిటైర్మెంటయినా నన్నే మైకు ముంగటికి దొబ్బుతుండిరి. ఈ కత మైకు ముంగట ఎన్నడు చెప్పలె. కొత్తగ నౌకరీలల్ల జేరిన పిల్లలు చదువుతరంటె రాస్తున్న. నడిమిట్ల నవ్వొస్తె నవ్వుకోండ్రి, నాకేం బాధ లేదు. ఆ మనిషి సుత నవ్వెటోడే.

మా కంపెనీ బొంతపల్లి దాటినంక గుమ్మడిదల దిక్కు పొయ్యే తొవ్వల ఉండె. మందుల కంపెనీ. లోపల ఏం మందు తయారైతదో మాకు సక్కగ తెల్వదు గని దాని వాసన మా అంగీలకు, అన్నం డబ్బాలకు, ఇంటి కాడ మా పెండ్లాలకు బాగ తెలుసు. కంపెనీ మొత్తంల ఏడ అగ్గిపుల్ల గీసినా నౌకరి పోతది. ఒక్క మా బాయిలర్ షెడ్డులనే ఇరవైనాలుగు గంటలు మంట. అందుకె సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తల అందరి ఫోన్లు గేటు కాడ గుంజుకునేటోళ్ళు, మాయి మాత్రం గుంజుకోకపోతుండిరి. మంట ముంగట కూసున్నోనికి ఫోను ఏం భయం?

బాయిలర్ తెల్వనోళ్ళకు ఒక్క ముక్క చెప్త. ఇల్లంత ఇనుప కడవ అనుకోండ్రి. కింద బొగ్గు మంట, లోపల నీళ్ళు. ఆ నీళ్ళు ఆవిరై పైపులల్ల పోయి కంపెనీని నడిపిస్తయి. ముంగట ఒక గాజు గొట్టం ఉంటది, లోపల నీళ్ళు ఏ మట్టానికి ఉన్నయో అండ్ల కనవడ్తది. నీళ్ళు తక్వయినా ముప్పే, ఎక్వయినా ముప్పే. మా నౌకరంత ఆ గాజు గొట్టం మొకం చూసుడే. నా పెండ్లాం మొకం సుత అంత చూడలె నేను.

ఆ షెడ్డుల నా జోడీదారు ఒకడుండె. నాకంటె ఎనిమిదేండ్లు చిన్నోడు. ఆయన భార్యది మా ఊరే, వరసకు నాకు చెల్లె అయితది. గట్ల ఆయన నాకు బావ, నేను ఆయనకు బామ్మర్ది. బావా బామ్మర్దులు ఒక్క షిఫ్టుల పడితె ఇగ చెప్పేదేముంది? పొద్దుగాల గేట్ల అడుగు పెట్టిన కాడి సంది తిట్టుకునుడే. ఆయన బొగ్గు పార పడితె చూడాలె, పది మందికి రావాల్సిన బలం ఒక్కనికే వచ్చినట్లుండేది. నేను "బావా, నువ్వు పోయిన జన్మల దున్నపోతువు" అంటె, "అవును, నా మీద కూసున్న కాకివి నువ్వే" అనేటోడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల ఒక ఎండకాలం ఆయనకు జరమొచ్చింది. వారం రోజుల్ల తగ్గింది. జరం పోయింది గని పోంగ పోంగ బలం పట్కపోయింది. నాలుగు పారలు బొగ్గు ఏస్తె నిలబడి రొప్పుడు. పండుకుంటె ఊపిరాడక లేసి కూసునుడు. కాళ్ళు ఉబ్బుడు. నేను "ముసలోనివైనవు బావా" అని ఎక్కిరించిన. మూడు నెలలు ఎక్కిరించిన. తర్వాత పట్నంల పెద్ద దవాఖానల చూపిస్తె గుండె సంచి తీరు సాగిపోయిందన్నరు. జరం తెచ్చిన పురుగే గుండెను తిన్నదట. డాక్టరు బొమ్మ గీసి చెప్పిండట గని బావ నాకు మా భాషల చెప్పిండు.

"ఏం లేదు బామ్మర్ది. ఫీడ్ పంపు కరాబైంది. నీళ్ళు తోలుతలేదు. తోలని నీళ్ళు ఎన్కకు తన్ని కాళ్ళల్ల, ఊపిరితిత్తులల్ల నిలుస్తున్నయి."

"పంపు రిపేరైతదా?"

"కాదట. మార్చాలెనట."

అప్పట్ల పట్నంల గుండె మార్చుడు అప్పుడప్పుడే షురువైంది. మేము దాన్ని పేపర్ల చూసి పక్కకు పడేసినోళ్ళం. ఇప్పుడు మా షెడ్డుల మనిషే ఆ వరుసల నిలబడ్డడు. ఖర్చు సంగతి ఈఎస్ఐ, యూనియను, కంపెనీ కల్సి చూసుకున్నయి, ఆ కత ఇక్కడ వద్దు. దవాఖానోళ్ళు బావ పేరు రాసుకున్నరు, రక్తం గ్రూపు రాసుకున్నరు, ఫోన్ నంబరు రాసుకున్నరు. ఎవరిదన్న సరిపోయే గుండె దొరికితె ఫోన్ చేస్తరు, రెండు గంటల్ల దవాఖానల ఉండాలె. దానికి ఒక షరతు పెట్టిండ్రు. పిలుపొచ్చిన నాడు మనిషి సాఫ్‌గ ఉండాలె. జరం ఉండొద్దు, ఊపిరితిత్తులల్ల నీరు ఉండొద్దు. ఉంటె పేరు పక్కకు జరిపి ఎన్కోనికి పెడ్తరు.

అందుకు రెండు కట్టుబాట్లు. ఒకటి, దినానికి లీటరు నీళ్ళే, ఉప్పు చిటికెడే. రెండు, దినాం పొద్దుగాల బరువు చూసుకోవాలె. మూడొద్దుల్ల రెండు కిలోలు పెరిగిందంటె అది కండ కాదు, నీరు. ఎంటనే ఫోన్ చేసి దవాఖానకు రావాలె.

గట్లాంటోడు ఇంట్ల పండుకోవాలె గదా అంటరు. నేను సుత అన్న. కూసునే పని చెయ్యొచ్చని డాక్టరు కాయితం రాసిచ్చిండు, కంపెనీ ఆయనను షెడ్డుల కుర్చీ మీద కూసోబెట్టి లాగ్‌బుక్కు రాసే పనిచ్చింది. అయినా ఆయన పంతం ఇంకోటి.

బాయిలర్ నడిపెటోళ్ళకు సర్కారు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తది, మేము టికెట్ అంటం. చిన్న బాయిలర్‌కు సెకండ్ క్లాసు, పెద్దదానికి ఫస్ట్ క్లాసు. మా ఇద్దరికి సెకండ్ క్లాసే. ఆ ఏడు కంపెనీకి పెద్ద బాయిలర్ వస్తున్నది. దానికి ఫస్ట్ క్లాసు టికెట్ ఉన్న మనిషి ఇన్‌చార్జిగ ఉండాలె. ఉన్నోళ్ళల్ల ఎవరు పాసైనా ఆ కుర్చీ ఆయనకే, లేకుంటె బయటోణ్ణి తెస్తమని మేనేజరు చెప్పిండు.

"నీకెందుకు బావా ఈ పరీక్ష? ముందుగాల గుండె రానీ" అన్న.

"గుండె వచ్చినంక ఏం జెయ్యాలె మరి? పార పట్టనియ్యరు, నిచ్చెన ఎక్కనియ్యరు. ఇప్పుడున్న కుర్చీ దయతోని ఇచ్చింది. ఎన్నొద్దులిస్తరు? కొత్త గుండె పెట్టుకొని గేటు బయట చాయ్ అమ్మాలెనా? నువ్వు బాకీ పెట్టి తాగి పోతవు, నాకు మల్ల గుండె నొప్పొస్తది."

ఇదీ ఆయన లెక్క. గుండె ఒకటి రావాలె, కూసునే కుర్చీ ఒకటి రావాలె. రెంట్ల ఏది ముందొస్తదో తెల్వదు. గుండె కోసం ఏం జెయ్యనీకి లేదు, ఎదురు చూసుడే. కుర్చీ కోసం చదువొచ్చు. అందుకె చదివిండు. ఇప్పుడు తెలుస్తున్నది, ఆ చదువు లేకుంటె ఆయన ఫోను దిక్కు చూసుకుంటనే సచ్చిపోతుండె.

పరీక్ష నోటితోని. బోర్డు సార్ల ముంగట నిలబడి అడిగినదానికి జవాబు చెప్పాలె. ఇగ నేను పంతులునైన. ఏడో తరగతి తప్పినోడు ప్రశ్నలడుగుతుంటె, పదో తరగతి తప్పినోడు జవాబులు చెప్తుండె. ఇంగ్లీషు పుస్తకం. నేను చదివే ఇంగ్లీషుకు బీహార్ నుంచి వచ్చిన బొగ్గు తోసే లేబర్ సుత నవ్వి, "చాచా, యే కౌన్సా జిల్లా కా అంగ్రేజీ హై?" అని, ఇది ఏ జిల్లా ఇంగ్లీషని అడిగేటోళ్ళు.

"గాజు గొట్టంల నీళ్ళు కనవడ్తలెవ్వు. ఏం జేస్తవ్?"

"మంట ఆపుత. గాలి బందు జేస్త. నీళ్ళు మాత్రం పొయ్య."

"ఎందుకు పొయ్యవ్?"

"కాలిన ఇనుము మీద సల్ల నీళ్ళు పడితె బాయిలర్ నిన్ను, నన్ను, మేనేజర్ను తీస్కొని బొంతపల్లి ఈరభద్రుని కాడికి పోతది."

"మేనేజర్ను తీసెయ్, పరీక్షల మార్కులు కోస్తరు."

చెల్లె దినాం ఒక లీటరు సీసా నింపి పంపేది. దాని మీద గోర్ల రంగుతోని గీతలు గీసి ఉండె. పది గంటలకు ఈడికి, పన్నెండుకు ఈడికి, మూడింటికి ఈడికి అని. మల్ల ఎండకాలం తిరిగొచ్చింది, ఏప్రిల్ దాటి మే నెలొచ్చింది. బయటనే నిలబడరాదు, షెడ్డుల అయితె పండ్లు సుత కాల్తయి. బావ పెదవులు పగిలి నెత్తురు కారేది. నాలిక ఎండి మాట అతుక్కునేది. ఒక గుటక నోట్ల పోసుకొని, పుక్కిట పట్టి, కండ్లు మూసుకొని శానాసేపు ఉంచుకునేటోడు. మా ముంగట బాయిలర్ టన్నుల కొద్ది నీళ్ళు తాగేది. దాని దిక్కు చూసి, "దొంగముండ, దానికి డాక్టరు లేడు" అనేటోడు.

ఎండకాలమొస్తె మా కంపెనీల ఒక పద్ధతి ఉండె. అంతకు ముందేడు ఒక మనిషి బాయిలర్ కాడ ఎండకు సొమ్మసిల్లి పడ్డడని, దినాం పదకొండు గంటలకు క్యాంటీన్ల నుంచి సల్ల వచ్చేది. సల్ల అంటె మజ్జిగ. ఉప్పు దండిగ ఏసి, కొత్తిమీర ఏసి, స్టీలు క్యాన్ల. మనిషికి రెండు గిలాసలు. తాగినమని పుస్తకంల దస్కత్ పెట్టాలె, లేకుంటె సేఫ్టీ ఆఫీసరు ఊకోడు. బావ దస్కత్ పెట్టేటోడు, ఆయన గిలాసలు నేను తాగేటోణ్ణి. నాలుగు గిలాసలు తాగి కుండ లెక్క తిరిగేటోణ్ణి.

పరీక్ష ఇంక పది రోజులుందనంగ ఒకనాడు నేను ప్రశ్న అడిగిన. బావ నోరు తెర్శిండు, జవాబు రాలె. ముందునాడు టకటక చెప్పిన జవాబే. కండ్లు తేలేసి చూస్తున్నడు.

"యాదికొస్తలేదు బామ్మర్ది. మెదడు ఎండిపోయింది."

అప్పుడే సల్ల క్యాను వచ్చింది. నేను గిలాస ముంచి ఆయన ముంగట పెట్టిన.

"వద్దు."

"ఏమైతది? నీళ్ళు కాదు గదా. డాక్టరు నీళ్ళు లీటరన్నడు, సల్ల సంగతి ఏమన్నడు?"

"ఏమనలె."

"మరింకేంది? సల్ల కడుపుకు సలువ. మా అవ్వ జరమొచ్చినోనికి, బాలింతకు, కుక్క కర్శినోనికి సుత సల్లనే పోసేది. అందరు బతికిండ్రు. ఒక్క కుక్కనే సచ్చిపోయింది."

ఆయన నవ్విండు. నవ్వితె పెదవి పగిలి నెత్తురొచ్చింది. ఆ నెత్తురు చూసినంక నేను ఇంకేం ఆలోచన చెయ్యలె. గిలాస నోటికి అందిచ్చిన. తాగిండు. గుటక గుటకకు ఆయన గొంతు కదులుతుంటె నాకు ఎంత సంబరమనిపించిందో ఇయ్యాల్టికి మర్చిపోలె. అద్దగంటల మనిషి తేరుకున్నడు. అడిగిన ప్రశ్నకల్ల జవాబు చెప్పిండు.

డాక్టరు సల్ల సంగతి ఏమనలె, నిజమే. ఉప్పు చిటికెడే అన్నడు గద. మా క్యాన్ల ఉప్పు పిడికెళ్ళతోని పడేది. అది నేను ఆలోచన చెయ్యలె. పది మందికి తెలివి చెప్తనని మురిసేటోనికి గింత ముచ్చట తట్టలె. నా అసుంటోళ్ళకే గిట్లాంటి తప్పు వస్తది. మాకు ప్రేమొస్తె తిండి పెడ్తం, జాలేస్తె తాగనీకి పోస్తం. ఇంకో తీరు రాదు.

మరునాడు రెండు గిలాసలు. ఇగ దినాం రెండు. ఇంటి కాడ చెల్లె సీసా దిక్కు చూసి సరిగ్గ గీతల ప్రకారం తాగిండని మురిసిపోయేది.

బరువు సంగతి చెప్పాలె. బావ ఇంట్ల కాటా లేదు. మా స్టోర్ల డ్రమ్ములు తూచే పెద్ద కాటా ఉండె. కింద పలక మీద మనిషి నిలబడాలె, ఎన్కున్న ఇనుప కడ్డీ మీద గుండు జరిపి ఇంకొకడు చదవాలె. నిలబడ్డోనికి లెక్క కనవడదు. దినాం పొద్దుగాల షిఫ్టు ఎక్కెటప్పుడు ఆయన నిలబడేటోడు, నేను చదివేటోణ్ణి. "మైదా ఒక్క బస్తా, యాభై ఎనిమిది కిలోలు, పురుగులు పట్టినయి" అని అరిచేటోణ్ణి. స్టోరోళ్ళు నవ్వెటోళ్ళు. ఆయన జేబుల చీటీ తీసి యాభై ఎనిమిది అని రాసుకునేటోడు, సాయంత్రం చెల్లెకు చూపెట్టనీకి.

పరీక్ష గురువారం. సోమవారం పొద్దుగాల గుండు జరిపిన. యాభై తొమ్మిది. నోటికి యాభై ఎనిమిదే వచ్చింది. కిలోనే గదా, అంగి బరువు, లుంగి బరువు అనుకున్న. మంగళవారం అరవై. "యాభై ఎనిమిదిన్నర. పుస్తకం మింగినవా బావా?" అన్న. అందరు నవ్విండ్రు. ఆయన సుత నవ్విండు.

బుధవారం అరవై ఒకటి.

కడ్డీ మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డ. మూడు కిలోలు. ఇప్పుడు చెప్తె ఆయన ఫోన్ చెయ్యాలె. ఫోన్ చేస్తె ఎంటనే వచ్చి పండుకో అంటరు. రేపు పరీక్ష పోతది. మల్ల పరీక్ష ఆరు నెలలకో ఏడాదికో. ఆలోపల పెద్ద బాయిలర్ వస్తది, బయటోడు వచ్చి కుర్చీల కూసుంటడు. ఒక్క దినమే గదా. రేపు పరీక్ష అయినంక సీదా దవాఖానకే తోల్కపోత, అక్కడ్నే చెప్త. గింతే నా ఆలోచన. చెడ్డ ఆలోచన కాదు, అందుకె అంత నష్టం చేసింది.

"ఎంత బామ్మర్ది?" ఎన్కకు తిరగకుంటనే అడిగిండు.

"యాభై ఎనిమిదిన్నర. నిన్నటిదే."

"నిన్నటిదేనా?"

"కాటా అబద్ధం చెప్తదా?"

కాటా చెప్పలె.

గురువారం పొద్దుగాల పటాన్‌చెరుల బస్సెక్కినం. బావ ఇస్త్రీ అంగి ఏసుకున్నడు, దువ్విన నెత్తి. దినాం షెడ్డుల మసిబారిన మొకం చూసిన కండ్లకు పెండ్లికొడుకు లెక్క కనవడ్డడు. మొకం జెర నిండినట్లుండె. అది నీరని తెలిసి సుత నేను, "ఇయ్యాల మొకంల కళ ఉంది బావా" అన్న.

పట్నంల బోర్డు ఆఫీసు మెట్లు పదహారు. నాలుగు సార్లు ఆగిండు. ఎవరన్న చూస్తె ఏమనుకుంటరోనని ఆగినప్పుడల్ల ఏదో యాదికొచ్చినట్లు జేబు ఎతుక్కున్నడు. బోర్డుకు ఆయన జబ్బు సంగతి తెల్వద్దు. బాయిలర్ కాడ పనిచేసెటోడు గట్టిగ ఉండాలెనని రూలు. లోపలికి పిలిచిండ్రు. నేను తలుపు బయట గోడకు చెవి పెట్టి నిలబడ్డ, చప్రాసి "దూరం జరుగు" అంటె "మా బావకు చెవుడు సార్, ఎన్క నుంచి అందియ్యాలె" అన్న.

లోపల ఒక సారు, "కూసోవయ్యా" అన్నడు.

"నిలబడే చెప్త సార్."

కూసుంటె లేవలేనని భయం ఆయనకు. మొదటి ప్రశ్ననే అది. గాజు గొట్టంల నీళ్ళు కనవడ్తలెవ్వు, ఏం జేస్తవ్? బావ జవాబు మొదలు పెట్టిండు. మాట మాట నడుమ ఊపిరి తీసుకుంటున్నడు. గోడ బయట నాకు ఆ ఊపిరే ఇనవడ్తున్నది, మాట తక్వ. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. తర్వాత సేఫ్టీ వాల్వు సంగతి. అన్నీ చెప్పిండు. ఒక సారు, "ఏందయ్యా గట్ల ఆయాసపడ్తున్నవ్, నీళ్ళు తాగు" అన్నడు.

"వద్దు సార్. భయంతోని గంతే."

సార్లు నవ్విండ్రు. "భయమెందుకు, మంచిగ చెప్తున్నవ్ గదా" అన్నరు.

బయటికి వచ్చినంక నా భుజం మీద చెయ్యేసిండు. చెయ్యి సల్లగ, తడిగ ఉండె. "చెప్పిన బామ్మర్ది. అన్నీ చెప్పిన" అన్నడు. ఆయన మొకం మీద అంత కుశి నేను ఆ ఏడాదిల చూడలె.

"బావా, దవాఖానకు పోదాం" అన్న.

"ఎందుకు?"

"ఊకెనే. దగ్గర్నే గదా, సూపిచ్చుకొని పోదాం."

"ఇంటికి పోయి నీ చెల్లెకు చెప్పినంక. రేపు పోదాం."

అప్పుడన్న చెప్పాలె. నడి రోడ్డు మీద నిలబెట్టి, కాటా మీద అరవై ఒకటి ఉండె బావా అని చెప్పాలె. ఆ కుశి మొకం చూసి నోరు రాలె. బస్సెక్కినం. లింగంపల్లి రాకముందే ఆయన సీట్ల ముందటికి వంగిండు. దగ్గుతుంటె నురుగు వచ్చింది, ఎర్రగ. బస్సు ఆపిచ్చిన. ఆటోల ఎన్కకు తిప్పి దవాఖానకు తీస్కపోయెటాళ్ళకు ఆయన పెదవులు నీలమైనయి.

నీరు గుంజిండ్రు. బతికిండు. గని ఊపిరితిత్తులల్ల నిమోనియా చేరింది, జరమొచ్చింది. డాక్టరు నన్ను, చెల్లెను పిల్చి అడిగిండు. "బరువు చూస్తున్నరా దినాం?" చెల్లె బావ జేబుల చీటీలు చూపెట్టింది. యాభై ఎనిమిది, యాభై ఎనిమిదిన్నర, యాభై ఎనిమిదిన్నర. డాక్టరు ఆ చీటీలు చూసి, "వింతగ ఉందే" అని తల ఊపిండు. నేను పక్కనే నిలబడ్డ. జోకులేసే నోరు. తెర్శుకోలె.

పేరు పక్కకు జరిపిండ్రు. జరం తగ్గేదాక అన్నరు. ఆరో రోజున దవాఖానల ఉరుకులాట. గుండె వచ్చిందట. బావ గ్రూపుదే. బావ పక్క గదిల ఉన్నడు, ఒంటి మీద జరం ఉంది. ఇంకో మనిషికి పెట్టిండ్రు. నర్సమ్మ చెల్లెకు చెప్తుంటె ఇన్న. ఆ మనిషి బతికిండని తర్వాత తెల్సింది. బతకనీ. వానికేం తెల్సు.

బావకు మాత్రం ఆ సంగతి ఎవరు చెప్పలె. ఆయన రోజూ అడిగింది ఒక్కటే.

"రిజల్ట్ వచ్చిందా?"

"రాలె బావా."

"కనుక్కున్నవా?"

"కనుక్కున్న. రాలె."

తొమ్మిదో రోజున మాట తక్వైంది. అయినా నన్ను చూసి కనుబొమ్మలు లేపిండు. అదే ప్రశ్న. నేను మస్తు అబద్ధాలాడిన మనిషిని. పాసైనవు బావా అని ఒక్క మాట చెప్తె ఏం పోతుండె? నోటి దాక వచ్చింది. అబద్ధం చెప్పి చేసింది చాలనిపించి నిజమే చెప్పిన. "రాలె." ఆయన కండ్లు మూసుకున్నడు. తెల్లారి లేడు.

అబద్ధం చెప్పరాని కాడ అబద్ధం చెప్పిన, అబద్ధం చెప్పాల్సిన కాడ నిజం చెప్పిన. పిల్లలూ, నౌకరిల నేను చేసిన పెద్ద పొరపాట్లు రెండూ అయ్యే. బాయిలర్ మాత్రం ఇరవై ఏడేండ్లల్ల ఒక్కసారి సుత పేలలె.

నెలన్నర తర్వాత కంపెనీ పేరు మీద కవరొచ్చింది. ఫస్ట్ క్లాసు టికెట్. బావ ఫోటో అంటించి ముద్రేసి ఉండె. మేనేజరు దాన్ని నాకిచ్చి, "ఇంట్ల ఇచ్చిరా" అన్నడు. పెద్ద బాయిలర్ కాడికి అప్పటికే బయటి మనిషి వచ్చి కూసున్నడు. మంచోడే.

చెల్లె ఇంట్ల ఒక్కతే ఉండె. కవరు ఇచ్చిన. కాయితం తీసి చూసింది. ఏడ్వలె. అప్పుడు నా లోపల ఇన్నొద్దుల సంది నిలిచింది ఆగలె. సల్ల సంగతి చెప్పిన. కాటా సంగతి చెప్పిన. సోమవారం యాభై తొమ్మిది, మంగళవారం అరవై, బుధవారం అరవై ఒకటి. పరీక్ష కోసం చెప్పలేదన్న. కాళ్ళ మీద పడుదామనుకున్న గని ఆమె మొకం చూసి కదలలేకపోయిన.

ఆమె అడిగింది. "ఆయనకు తెల్సా అన్నా?"

"తెల్వదు చెల్లె. నేనే చదివేటోణ్ణి, ఆయనకు కనవడదు."

"ఎన్కకు తిరిగి చూడొచ్చు గదా."

నిజమే. గాజు గొట్టంల నీళ్ళు వెంట్రుకంత జరిగితె దూరం నుంచి గుర్తుపట్టే మనిషి. బుధవారం "నిన్నటిదేనా?" అని అడిగిండు గని తిరగలె.

చెల్లె మెల్లగ చెప్పింది. "పరీక్ష నాడు పొద్దుగాల బూట్లు తొడుక్కున్నడు. పట్టలె. కాళ్ళు గట్ల ఉబ్బినయి. నేను చూసిన. ఆయన నా దిక్కు చూసిండు. నేను పొయ్యి కాడికి పోయి పని చేసుకుంట కూసున్న. ఆయన హవాయి చెప్పులేసుకొని నీ ఎంబడి వచ్చిండు. వద్దు, పోకు అని నేను అనలె అన్నా. అంటె ఆగుతుండె."

ఆ పొద్దు హవాయి చెప్పులే ఏసుకొచ్చిండు. నేను చూడలేదా? చూసిన.

ముగ్గురికి తెల్సు. ముగ్గురం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలె. ఆ సంగతి తెల్సినంక నాకు కొంచెం తేలికైతదేమో అనుకున్న, నోరు తెర్శి, "అయితె చెల్లె, ఇది నా ఒక్కని..." అనబోయిన.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "నీది నీ కాడ ఉంచుకో అన్నా. నాది నా కాడ ఉంటది. కలుపుకుంటె తక్వయ్యేది కాదిది."

తర్వాత ఆ కాయితం ఒళ్ళె పెట్టుకొని గోడ దిక్కు తిరిగింది. ఇంగ్లీషు రాదు ఆమెకు. అక్షరాల మీద ఏలు పెట్టి ఒక్కొక్కటే జరుపుకుంట పోయింది. ఒక కాడ ఆగింది.

"ఇదేనా ఆయన పేరు?"

"ఇంకొంచెం కిందికి" అన్న.

ఏలు కిందికి జరిపి, పేరు మీద పెట్టి, అట్లనే ఉంచింది. నేను లేసి బయటికొచ్చిన.